రుచి వదలకుండా ఆరోగ్యంగా తినాలంటే: పళ్లెంలో ఏది ఉంచాలి, ఏది మార్చాలి?

జనవరి ఒకటిన ఓట్స్, మొలకెత్తిన పెసలు, ఉడకబెట్టిన కూరగాయలతో మొదలైన నియమం సంక్రాంతి అరిసెల దగ్గర ఆగిపోవడం మన ఇళ్లలో ఏటా జరిగేదే. పాపం అరిసెలను అనడానికేం లేదు. రెండు వారాలు చప్పిడి తిండి తిన్న నాలుక ఆ మాత్రం తిరగబడకుండా ఎలా ఉంటుంది?

పథ్యం అంటే రుచి చంపుకోవడమేనని మనకు మనమే తీర్మానించేసుకున్నాం. కాస్త తరచి చూస్తే, తెలుగు వంటలో రుచినిచ్చేవి ఒకచోట ఉంటాయి, ఒంటికి భారమయ్యేవి చాలావరకు ఇంకోచోట ఉంటాయి. ఇంగువ పోపు, చింతపండు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, కొత్తిమీర వల్ల ఎవరికీ షుగర్ రాలేదు. లెక్క తప్పేది అన్నం రాశి దగ్గర, బాణలిలో నూనె దగ్గర, ఊరగాయ జాడీలో ఉప్పు దగ్గర. అందుకే ఒక్కో పూటకు మన ముందున్న దారుల్ని పక్కపక్కన పెట్టి, ఎందులో రుచి నిలుస్తుందో, ఎందులో భారం తగ్గుతుందో చూద్దాం. షుగర్‌కు మందులు వాడేవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ఇందులో ఏది మార్చాలన్నా ముందు డాక్టర్‌తో ఓ మాట అనుకోండి.

అన్నం: ఏ బియ్యం, ఎంత, దేంతో?

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార సూచనలు విడుదల చేసింది. రోజుకు 2000 క్యాలరీలు కావాల్సిన మనిషికి ధాన్యాలన్నీ కలిపి, వండకముందు తూకంలో, ఇంచుమించు 250 గ్రాములు చాలంది. పప్పుదినుసులు 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు ఉండాలంది. మన పళ్లెం దీనికి సరిగ్గా తలకిందులు. అన్నం కొండంత, కూర గోరంత.

ఆ సంస్థ పుట్టుకే బియ్యంతో ముడిపడి ఉంది. 1918లో తమిళనాడులోని కూనూరులో, బి1 విటమిన్ లోపంతో వచ్చే బెరిబెరి జబ్బు మీద పరిశోధనతో మొదలై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. ఆ రోజుల్లో బెరిబెరి బాగా కనిపించిన ప్రాంతాల్లో మన ఉత్తర సర్కారు జిల్లాలు, అంటే ఇప్పటి కోస్తా ఆంధ్రలో చాలాభాగం, ఉన్నాయి. మరలో తెల్లగా పట్టించిన పచ్చిబియ్యమే అక్కడ ముఖ్యమైన తిండి. తవుడుతో పాటు బి1 విటమిన్ కూడా పోయేది. ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాల్లో ఆ బాధ అంతగా లేదు, ఎందుకంటే వడ్లను ఉడికించినప్పుడే ఆ విటమిన్ కొంత గింజలోకి దిగిపోతుంది.

ఇప్పుడు బెరిబెరి భయం లేదు గానీ, పీచు లేని తెల్లన్నం రక్తంలో చక్కెరను చకచకా పెంచుతుందన్నది ఇవాళ్టి సమస్య. దానికి దుకాణంలో దొరికే జవాబులు నాలుగు.

ముడి బియ్యం, అంటే దంపుడు బియ్యం, పీచులో, విటమిన్లలో మెరుగు. అయితే అరగంట పైగా నానబెట్టాలి, ఉడకడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది, పైగా చారును పీల్చుకోదు. చారన్నం మీద ప్రాణం ఉన్నవాళ్లు నాలుగు రోజుల్లో మానేసేది ఇందుకే. ముద్దపప్పు, ఆకుకూర పప్పు, చిక్కటి పులుసుల్లోకి మాత్రం చక్కగా నప్పుతుంది. తవుడులో నూనె ఉండటంతో నిల్వ ఉంటే ముక్క వాసన వస్తుంది, కాబట్టి పాతిక కిలోల బస్తా కొనకండి. రెండు కిలోలు చాలు.

సింగిల్ పాలిష్ బియ్యం మధ్యే మార్గం. పిల్లలు, పెద్దలు ఒకే గిన్నెలోంచి తినే ఇంట్లో గొడవ లేకుండా ఇమిడిపోయేది ఇదే. తెల్లన్నం రుచి మారకూడదంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048 అడగండి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన ఈ రకాన్నే తెలంగాణ సోనా అంటున్నారు. గింజ సన్నం, రుచి సాంబా మసూరికి దగ్గర, తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచిక 51 ప్రాంతంలో ఉంటుందని లెక్క. 55 లోపు ఉంటే తక్కువ కిందే జమ. అలాగని రెండు రెట్లు తింటే ఆ లాభం అక్కడికక్కడే కరిగిపోతుంది.

ఇక చిరుధాన్యాలు. ఐక్యరాజ్యసమితి 2023ను వీటి సంవత్సరంగా ప్రకటించిన దగ్గర్నుంచి కొర్రలు, సామలు, ఊదలు, అరికెలు, అండుకొర్రల ప్యాకెట్లు ప్రతి సూపర్‌మార్కెట్‌లోనూ కనిపిస్తున్నాయి. కొర్రల్లో ప్రోటీన్ 100 గ్రాములకు 12 గ్రాముల దాకా ఉంటుంది, బియ్యంలో ఏడెనిమిది. కానీ కొర్రన్నంలో చారు పోసుకుని తెల్లన్నంలా లేదే అనుకోవడం కొర్రలకు అన్యాయం. వాటిని పులిహోర చేయండి, పొంగలి చేయండి, కూరగాయలు దండిగా వేసి ఉప్మా చేయండి. సామలతో పెరుగన్నం అయితే పోపు పడ్డాక తేడా పట్టుకోవడం కష్టం. కొనేటప్పుడు గింజ రంగు చూడండి. మరీ తెల్లగా మెరుస్తుంటే బియ్యానికి పట్టినట్టే దీనికీ పాలిష్ పట్టారన్నమాట.

జొన్నరొట్టె, రాగి సంగటి తినే ఇళ్లకు ఈ గొడవంతా అక్కర్లేదు. రాగుల్లో కాల్షియం 100 గ్రాములకు 300 మిల్లీగ్రాముల పైమాటే. కాకపోతే సంగటి, జావ ఒకటి కాదు. సన్నటి పిండితో కాచిన జావ ఇట్టే అరిగిపోతుంది, అందులో బెల్లం కూడా పడితే షుగర్ ఉన్నవాళ్లకు అది మంచి టిఫిన్ అనలేం. జొన్నరొట్టె చేయడం రానివాళ్లకు ఓ మాట: పిండి పాతదైతే ఎంత తట్టినా పగుళ్లే. కొద్దికొద్దిగా మరపట్టించి, మరిగిన నీళ్లతో కలపండి. పక్కన ఎల్లిపాయ కారం, వంకాయ కూర ఉంటే అన్నం గుర్తే రాదు.

అయితే బియ్యం రకం కన్నా పెద్ద మార్పు తెచ్చేది వడ్డన. మన భోజనంలో పప్పుకో ముద్ద, కూరకో ముద్ద, పచ్చడికో ముద్ద, పులుసుకో చారుకో మళ్లీ కాస్త, చివర పెరుగులోకి ఇంకాస్త. ఒక్కసారి ఎక్కువ పెట్టుకున్నట్టు అనిపించదు, లెక్క వేస్తే ఐదుసార్లు పెట్టుకున్నట్టు. ఇందులో రెండు చోట్ల అన్నం తీసేయండి. చారు గ్లాసులో పోసుకుని తాగండి, మిరియాల చారైతే తాగడానికే బాగుంటుంది. పెరుగన్నం బదులు అల్లం, కరివేపాకు దంచి వేసిన మజ్జిగ తాగండి. మొదటి మూడు ముద్దల రుచీ అలాగే ఉంటుంది, బియ్యం మాత్రం దాదాపు మూడోవంతు తగ్గుతుంది. నన్నడిగితే కొర్రల కన్నా ముందు చేయాల్సింది ఇదే. పైసా ఖర్చు లేదు.

టిఫిన్: ఇడ్లీయా, దోసెయా, పెసరట్టా?

ఇడ్లీకి మంచి పేరు ఉంది. ఆవిరి మీద ఉడుకుతుంది, నూనె చుక్క అక్కర్లేదు, తేలిగ్గా అరుగుతుంది. జ్వరం వచ్చి లేచినవాళ్లకు, పెద్దవాళ్లకు దీన్ని మించింది లేదు. కానీ మన ఇడ్లీలో మినప్పప్పు ఒక పాలుంటే రవ్వ రెండు పాళ్లు, కొన్నిచోట్ల మూడు. అందుకే నాలుగు ఇడ్లీలు తిన్నా పదకొండు గంటలకు ఆకలి కేకలేస్తుంది. సాంబారులో పప్పు నిజంగా కనబడేలా ఉంటే, పల్లీ చట్నీ తగుమాత్రంగా ఉంటే ఆ లోటు కొంత తీరుతుంది. హోటల్ నేతి ఇడ్లీ సంగతి వేరు, అది ఇడ్లీ వేషంలో ఉన్న నెయ్యి.

దోసె కూడా అదే కుటుంబం, కాకపోతే బియ్యం పాలు ఇంకాస్త ఎక్కువ. ఇంట్లో ఒక చెంచా నూనెతో కాల్చిన దోసెకూ, హోటల్లో వెన్న మీద వెన్న రాసి నెయ్యి కారం చల్లిన దోసెకూ ఒకే పేరు ఉండటమే గందరగోళం. నూనె చెంచాడు ఐదు గ్రాములు అనుకుంటే 45 క్యాలరీలు. ఇంట్లో చెంచాతో కొలవొచ్చు, హోటల్లో పెనం మీద గరిటెతో పోస్తుంటే కొలిచేదెవరు?

నా ఓటు పెసరట్టుకే. పొట్టు పెసల్లో ప్రోటీన్ 100 గ్రాములకు 24 గ్రాముల వరకు ఉంటుంది. పొట్టు తీయం కాబట్టి పీచు ఎక్కడికీ పోదు. పులియబెట్టే పని లేదు. రాత్రి నానబెడితే పొద్దున రుబ్బి వేసుకోవడమే. దీని రుచి అంతా రుబ్బడంలో ఉంది. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర పెసలతో పాటే వేసి, మరీ వెన్నలా కాకుండా చేతికి కొంచెం బరక తగిలేలా ఆపండి. గుప్పెడు బియ్యం కలిపి నానబెడితే అంచులు కరకరలాడతాయి. పిండి వెంటనే వాడాలి, మధ్యాహ్నానికి ఆ పచ్చటి వాసన పోతుంది. ఇనప పెనం బాగా కాలాక ఉల్లిపాయ చెక్కతో నూనె రాసి, పిండి పరిచి, పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ, అల్లం ముక్కలు అద్దితే ఒక అట్టుకు చెంచాడు నూనె చాలు. మధ్యలో ఉప్మా పెట్టి ఎమ్మెల్యే పెసరట్టు చేసుకుంటే మాత్రం రెండు టిఫిన్లు ఒకేసారి తిన్నట్టే. అది ఆదివారానికి ఉంచుకోండి, ఆ రోజు మధ్యాహ్నం కాస్త తగ్గించుకోండి.

ఉప్మాను జోకులకు వదిలేశాం గానీ, గోధుమ రవ్వతో, బీన్స్, క్యారెట్, పచ్చి బఠాణీ రవ్వతో సమానంగా వేసి చేస్తే మంచి టిఫినే. బియ్యపు రవ్వలో పెసరపప్పు వేసి చేసే ఉప్పిండి ఇంకా మేలు, అడుగున పట్టే మాడు కోసం ఇంట్లో పోటీ కూడా ఉంటుంది. పూరీ, మైసూర్ బజ్జీ, వడ రోజువారీ పట్టికలోకి రావు. వాటిని ఇష్టంగా తినే రోజు తినండి.

కూర: ఒకే వంకాయ, మూడు దారులు

వంకాయనే తీసుకుందాం. గుత్తివంకాయకు అరకిలో కాయలకు నాలుగైదు పెద్ద చెంచాల నూనె తేలిగ్గా పడుతుంది, మసాలాలో పల్లీలు, నువ్వులు, కొబ్బరి వేరే. అల్లం పచ్చిమిర్చి ముద్ద పెట్టి మగ్గించిన కూరకు రెండు చెంచాలు సరిపోతాయి. కాల్చిన వంకాయ పచ్చడికి పోపులో వేసే ఒక్క చెంచా చాలు.

ఆ మూడోదాన్ని కాస్త దగ్గరగా చూడండి. పెద్ద వంకాయకు రెండు గాట్లు పెట్టి, లోపల పుచ్చు లేదని చూసి, వేలితో నూనె రాసి నేరుగా మంట మీద పెట్టాలి. పొట్టు నల్లగా బొగ్గులా అయి, కాయ కుంగిపోయి, రసం బుసబుసమంటూ బయటికొచ్చే దాకా తిప్పుతూ కాల్చాలి. గిన్నె మూతేసి పది నిమిషాలు ఉంచితే పొట్టు తొక్కలా ఊడివస్తుంది. ఆ గుజ్జులో చింతపండు రసం, కాల్చిన పచ్చిమిర్చి, ఉప్పు, పచ్చి ఉల్లిపాయ ముక్కలు మెదిపి, ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ పోపు పెడితే అయిపోయింది. గుత్తివంకాయ కన్నా దీనికి రుచి తక్కువని ఎవరైనా అంటారా? పొగ వాసన మంట ఇచ్చింది, నూనె ఇవ్వలేదు.

పోపు ఇంత తక్కువ నూనెతో అంత పని ఎలా చేస్తుందంటే, ఇంగువలోనూ కరివేపాకులోనూ ఉండే వాసన నూనెలో బాగా కరుగుతుంది. వేడి చెంచాడు నూనె ఆ వాసనను పట్టుకుని గిన్నెంతా పంచుతుంది. అందుకని నూనె తగ్గించాలనుకుంటే కూర మగ్గించే దగ్గర తగ్గించండి, పోపు జోలికి వెళ్లకండి. చాలామంది దీన్ని సరిగ్గా తలకిందులుగా చేసి, ‘తక్కువ నూనె వంట రుచిగా ఉండదు’ అంటారు.

వేపుళ్లకూ ఇదే సూత్రం. దొండకాయ, బెండకాయ, కాకరకాయ పచ్చివే నూనెలో పడేస్తే అవి మెత్తబడేలోగా నూనె తాగేస్తాయి. దొండకాయను ముందు ఆవిరి మీద సగం ఉడికించి, తర్వాత వెడల్పాటి మూకుడులో రెండు చెంచాల నూనెతో వేపి, దించేముందు వెల్లుల్లి కారమో, పుట్నాల పొడో చల్లండి. ఆ కారమే అది వేపుడని నాలుకను నమ్మిస్తుంది. బెండకాయకు మాత్రం ఆవిరి పనికిరాదు, జిగురవుతుంది. దానికి ఎయిర్‌ఫ్రైయర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, చేమదుంపలకు కూడా. ఆ డబ్బాలో మిర్చి బజ్జీలు వేద్దామనుకుంటే మాత్రం వద్దు. తడి పిండి జారి జాలీకి అంటుకుంటుంది, కడిగేసరికి ఆకలి చచ్చిపోతుంది.

నూనెల్లో ఏది మంచిదన్న ప్రశ్నకు వేరుశనగ, నువ్వులు, తవుడు నూనె, పొద్దుతిరుగుడు, ఏదైనా మార్చిమార్చి వాడండన్నదే జవాబు. ఎంత అన్నది అసలు ప్రశ్న. పోషకాహార సంస్థ లెక్కలో మనిషికి రోజుకు కొవ్వు నూనెలు సుమారు 27 గ్రాములు. నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు. నెయ్యి, బయట తిన్నది కూడా అందులోనే. మీ ఇంట్లో నెలకు ఎన్ని ప్యాకెట్లు అవుతున్నాయో ఒక్కసారి బిల్లు చూడండి.

ఊరగాయా, రోటి పచ్చడా, పొడులా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. అంటే చెంచాడు. ఆవకాయలో ఉప్పు, కారం, ఆవపిండి చాలా ఇళ్లలో కొలతకు దాదాపు సమానం. ఏడాది నిల్వ ఉండాలంటే అంత ఉప్పు పడాల్సిందే, తగ్గిస్తే బూజు పడుతుంది. కాబట్టి ‘ఉప్పు తక్కువ ఆవకాయ’ కోసం వెతకకండి, తినేది తగ్గించండి.

రోటి పచ్చడికి ఆ బాధ లేదు. రేపటికి ఉండనక్కర్లేదు గనుక రుచికి సరిపడా ఉప్పు చాలు. బీరకాయ తొక్కు, దోసకాయ, టమాటా, గోంగూర, సొరకాయ తొక్కు, కొబ్బరి మామిడి, ఎన్ని రకాలు! పైగా పచ్చడిలో కూరగాయే ఎక్కువ, కాబట్టి అది కూరగాయల లెక్కలోకి కూడా వస్తుంది. పులుపు ఉన్నచోట ఉప్పు తక్కువైనా నాలుకకు తెలియదు. పచ్చడి అయ్యాక ముందు నిమ్మరసమో చింతపండో సరిచూసి, ఉప్పు చివర్లో వేసి చూడండి, ఎప్పుడూ వేసేంత పట్టదు.

కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి, అవిసె గింజల పొడి ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి. ఉప్పు ఊరగాయంత కాదు, పప్పు గింజలు ఉంటాయి కాబట్టి కడుపుకు పనికొస్తాయి. వండే ఓపిక లేని రోజున వేడన్నం, కందిపొడి, చెంచాడు నెయ్యి, పక్కన కీరదోస ముక్కలు. బయట నుంచి ఏదో తెప్పించుకోవడం కన్నా ఎంతో నయం.

నెయ్యి గురించి రెండు వర్గాలు కొట్టుకుంటున్నాయి. ఒకరు అమృతం అంటారు, ఇంకొకరు విషం అంటారు. అందులో సంతృప్త కొవ్వు సగం కన్నా ఎక్కువే, కాబట్టి గరిటెలతో వద్దు. ముద్దపప్పు ఆవకాయలో చెంచాడు నెయ్యి పడితే వచ్చే రుచి ఇంకదేనితోనూ రాదు, కాబట్టి అది మానొద్దు. కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లది వేరే లెక్క.

బీపీ ఉన్నవాళ్లు ఊరగాయ ఒక్కటే కాదు, అప్పడాలు, వడియాలు, చల్ల మిరపకాయలు కూడా చూసుకోవాలి. బజార్లో సోడియం తక్కువ ఉప్పు అని దొరికేదానిలో పొటాషియం ఉంటుంది, కిడ్నీ సమస్య ఉంటే డాక్టర్‌ను అడగనిదే వాడొద్దు.

సాయంత్రం ఐదు గంటల గండం

పొద్దున్నుంచి బుద్ధిగా ఉన్నవాళ్లు కూడా జారిపోయేది ఇక్కడే. బండి మీద పునుగులు, మిర్చి బజ్జీ, ఆఫీసులో సమోసా, ఇంట్లో బిస్కెట్లు. బండి దగ్గర అసలు చూడాల్సింది నూనె. మళ్లీమళ్లీ మరిగిన నూనె చిక్కగా, నల్లగా, నురగలు కక్కుతూ ఉంటుంది. ఆహార భద్రతా సంస్థ 2018 నుంచి దీనికి ఓ పరిమితి పెట్టింది, నూనె మరిగేకొద్దీ విరిగి పేరుకునే ‘మొత్తం పోలార్ పదార్థాలు’ 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదు. బండి దగ్గర మీటర్ పెట్టి కొలవలేం, కళ్లు, ముక్కు చాలు.

పునుగుల మీద మనసు పడితే గుంత పొంగణాలు వేసుకోండి. అదే పులిసిన పిండి, అవే ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర. గుంతకు అర చెంచా నూనె. పైన కరకర, లోపల మెత్తన. విజయవాడ పునుగుల్లా ఉండవని ముందే చెబుతున్నా, కానీ అల్లం చట్నీతో గిన్నె ఖాళీ అవుతుంది.

సమోసాకు బదులు శనగ గుగ్గిళ్లు, ఉడికించిన పల్లీలు, కాల్చిన మొక్కజొన్న పొత్తు. గుగ్గిళ్లు చప్పగా పెడితే పిల్లలు ముట్టరు. పోపు, కొబ్బరి కోరు, మామిడికాయ తురుము, నిమ్మరసం పడాలి. మరమరాల మిక్చర్ తేలికే గానీ నిలబడదు, గుప్పెడు వేయించిన పల్లీలు కలిపితేనే రాత్రి భోజనం దాకా ఆగుతారు. బిస్కెట్ల విషయంలో నా మాట గట్టిగానే ఉంటుంది. ప్యాకెట్ మీద రాగి, ఓట్స్ అని పెద్ద అక్షరాలు ఉన్నా, వెనక చిన్న అక్షరాల్లో మొదట మైదా, చక్కెర, పామాయిల్ ఉంటే అది మామూలు బిస్కెట్టే.

తీపి గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. బెల్లం చక్కెర కన్నా కాస్త నయమే, కానీ క్యాలరీల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎంచుకోవాలంటే కాజా, జిలేబీ కన్నా సున్నుండ, నువ్వుండ, పల్లీ పట్టి మేలు, వాటిలో తీపితో పాటు పప్పో గింజో ఉంది. మామిడిపండు కాలంలో పండు ముక్కలు కోసుకుని తినండి, జ్యూస్ చేయకండి. పూతరేకు మాత్రం పూతరేకే. దానికి ప్రత్యామ్నాయం వెతకడం ఆత్రేయపురాన్ని అవమానించడం.

బయట తినేటప్పుడు

బిర్యానీ, మండీ, ఫ్రైడ్ రైస్ మధ్య ఎంచుకోవాల్సి వస్తే నేను బిర్యానీ వైపే. ఇష్టమైనదాన్ని తిన్నప్పుడు తృప్తి త్వరగా వస్తుంది, అంతగా ఇష్టం లేనిది తిన్నప్పుడు ఇంటికొచ్చి మళ్లీ ఏదో వెతుక్కుంటాం. ఒక్కరికి ఇచ్చే ప్లేటు చాలాచోట్ల ఇద్దరికి సరిపోతుంది. సగం ముందే పక్కకు తీయించి కట్టించుకోండి, ముక్కలు, ఉల్లిపాయ రైతా, నిమ్మకాయ మీ వైపు ఉంచుకోండి. స్టార్టర్‌గా చికెన్ 65 బదులు తందూరీ చెప్పండి, వేపిన చేప బదులు చేపల పులుసు దొరికితే మరీ మంచిది. కూల్‌డ్రింక్ స్థానంలో ఉప్పు తక్కువ వేసిన నిమ్మసోడా. ఆ కట్టించుకున్న సగం కారులో మర్చిపోకుండా ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి, అన్నం గంటల తరబడి బయట ఉంటే పాడవుతుంది. మర్నాడు మధ్యాహ్నం రెండు చెంచాల నీళ్లు చిలకరించి, మూతపెట్టి, బాగా పొగలొచ్చేదాకా వేడి చేసుకుంటే చాలు.